బండికి అడ్డంగా జూడిత్

"ముందు నా మీంచి బండి పోనివ్వండి. తరవాత పుస్తకాలు పట్టుకుపోదురు గాని," అంది జూడిత్.

టమాటాలు పెట్టెల్లో సర్దే కొట్టం గుమ్మంలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. తలకి కట్టుకున్న రుమాలు జారి మెడలో పడింది. చినుకు పడుతోంది. బండి వచ్చి అరగంట దాటింది. అప్పట్నుంచీ ఆమె అలాగే ఉంది.

ఎదురుగా మిస్ పాస్క్. నల్ల గొడుగు, నల్ల కోటు, చేతిలో ప్లీడరు రాసిచ్చిన కాగితం. చనిపోయిన పాస్క్ మాస్టారి చెల్లెలు. నిన్నటి పడవలో ఇంగ్లండు నుంచి దిగిందన్న కబురు మా సందులోకి ఆమెకంటే ముందే వచ్చింది. మాస్టారి పుస్తకాలు మూడువందల పైచిలుకు మా జూడిత్ కొట్టంలో ఉన్నాయని ఆమెకి ఎవరో చేరేశారు. ఎవరో కనిపెట్టడం నాకు పెద్ద పని కాదు గాని, ఇప్పుడా గొడవ వద్దు.

"చూడమ్మా, నేను తగువు పెట్టుకోవడానికి రాలేదు," అంది మిస్ పాస్క్. గొంతు మెత్తగా ఉంది. అదే నాకు నచ్చలేదు. కేకలేసే మనిషైతే మేమూ కేకలేసేవాళ్ళం, పని తేలికయ్యేది. "ఇవి మా అన్నయ్యవి. కాదంటావా?"

"కాదని నేనెప్పుడన్నాను?"

"మరి?"

"మీ అన్నయ్యని పట్టుకుపోయాక ఆ ఇంట్లో జర్మన్ సిపాయిలు దిగారు. చలికాలం కదా, ఒక్కో అర ఖాళీ చేసి పుస్తకాలు పొయ్యిలో పెట్టడం మొదలెట్టారు. నేను తోపుడు బండిలో వేసుకుని, పైన పొలానికి వేసే సముద్రపు నాచు కప్పి, పదకొండుసార్లు తిరిగాను. ఒక్కసారి ఆ నాచు ఎత్తి చూసుంటే నేనూ మీ అన్నయ్య పోయిన చోటికే పోయేదాన్ని."

"ఆ మేలు నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు. బండి మాత్రం వెనక్కి తిప్పండి."

కొట్టం లోపలినుంచి థెల్మా వచ్చింది. జూడిత్ కూతురు, పదిహేనేళ్ళ పిల్ల. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉన్న మా దీవిలో జర్మన్లు దిగడానికి వారం ముందు, తొమ్మిదేళ్ళ పసిదాన్ని, మెడలో పేరు రాసిన అట్టముక్క వేలాడదీసి బడిపిల్లలందరితో పాటు పడవెక్కించారు. ఐదేళ్ళు ఇంగ్లండులో, మిల్లులున్న ఏదో ఊళ్ళో, మిసెస్ బూత్ అనే ఆవిడ దగ్గర పెరిగింది. పోయిన ఆగస్టులో తిరిగొచ్చినప్పుడు రేవులో తల్లి పక్కనించే నడిచి వెళ్ళిపోయింది, గుర్తుపట్టక. ఆ సంగతి జూడిత్ నా ఒక్కదానికే చెప్పింది. నేను ఇప్పుడు మీకు చెప్పేశాను.

"ఇచ్చెయ్యండి," అంది థెల్మా తల్లితో. కన్నతల్లిని ఈ పిల్ల ఇంకా 'మీరు' అనే అంటుంది, బస ఇచ్చిన ఇంటావిడతో మాట్లాడినట్టు. "అవి మనవి కావు. నలుగురిలో ఏమిటీ తమాషా?"

"నువ్వు ఊరుకో."

"పుస్తకాలు పోతే నేనూ పోతాననేగా మీ భయం? ఆ మాట ఆవిడతో చెప్పండి. అంతేగాని నాచు గురించి చెప్తారేం?"

పిల్ల అన్నది నిజమే. మిసెస్ బూత్ నెల కిందట ఉత్తరం రాసింది, నీ గది నీకు అలాగే ఉంచాను, వస్తావా అని. వస్తానని ఈమె రాసింది. మంగళవారం పడవలో చోటు కూడా అడిగి పెట్టుకుంది. జూడిత్ ఏడవలేదు, బతిమాలలేదు. "ఈ పుస్తకం అయ్యేదాకా ఉండు," అంది. థెల్మా కొంచెం ఆలోచించి సరే అంది. ఈ పుస్తకం అంటే మూడు సంపుటాల నవల, గోధుమరంగు తోలు అట్టలు. ఓడ మునిగి, ఎవరూ లేని తీరంలో పడ్డ అక్కాచెల్లెళ్ళ కథ. మేం రెండో సంపుటం సగంలో ఉన్నాం. పుస్తకం మిగిలి ఉంటే మంగళవారం పడవ థెల్మా లేకుండా వెళ్తుంది. పుస్తకం బండెక్కితే ఆ పిల్లా బండెక్కినట్టే.

మేం అంటే మా సందులో వాళ్ళం. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ కొట్టంలో, తిరగేసిన టమాటా పెట్టెల మీద కూర్చుంటాం. చేతిలో ఊలు, సూదులు. కొందరి ఒళ్ళో ఒలవాల్సిన బఠాణీలు. ఆ ఆకలి చలికాలంలో, ముళ్ళకంప ఆకులు కాచి టీ అనుకుని తాగిన రోజుల్లో, జూడిత్ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది. థెల్మా వచ్చాక ఆ పిల్ల చదువుతోంది, గలగలా. ఆ గంటన్నరా తల్లీకూతుళ్ళు ఒకే కప్పు కింద పోట్లాడకుండా కూర్చుంటారు. జూడిత్‌కి మిగిలింది అదే. మొగుడు పోయాడు, నలభై నాలుగులో రొయ్యల కోసం తీరానికి వెళ్ళి పాతిపెట్టిన బాంబు మీద కాలేశాడు.

ఆ పుస్తకాలు మాకు ఇచ్చింది ఏమిటంటే, ఐదేళ్ళ గురించి మాట్లాడుకోకుండా ఒకచోట కూర్చునే వీలు. ఫిరంగి దిమ్మ కట్టడానికి తన ఇల్లు జర్మన్లు నేలమట్టం చేస్తే కళ్ళు చెమర్చని విల్ఫ్రెడ్ ఓజియే, కథలో కుక్క చచ్చిపోయిన రోజున చీదుకుంటూ బయటికెళ్ళాడు. జర్మన్ల దగ్గర బట్టలుతికిన రోజ్ పక్కన, వాళ్ళ జైలుకెళ్ళొచ్చిన వాడి పెళ్ళాం కూర్చుంటుంది. నువ్వప్పుడేం చేశావని ఎవరూ ఎవర్నీ అడగరు. అందరం ఆ అక్కాచెల్లెళ్ళు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో అని దిగులుపడతాం.

నా పేరు యూనిస్ బ్రెహో. జూడిత్ ఇంటికి ఒక పక్క మాస్టారి ఇల్లు, రెండో పక్క నాది. కుట్టుపని చేస్తాను. ఆ రోజు నా నోరు ఊరుకోలేదు.

"ఆ మూడు సంపుటాలూ వదిలేసి మిగతావి తీసుకెళ్ళండమ్మా," అన్నాను మిస్ పాస్క్‌తో. "గోధుమరంగువి. మూడంటే మూడే."

ఆమె గొడుగు కాస్త వంచింది. మొహం సరిగ్గా అప్పుడే కనిపించింది. డెబ్భై ఉంటాయి. అన్నగారి పోలికే.

"ఆ మూడింటి కోసమే నేను సముద్రం దాటి వచ్చాను," అంది. "చిన్నప్పుడు నాకవి అన్నయ్యే చదివి వినిపించాడు. పేజీల అంచుల్లో వాడు రాసుకున్నవి ఉంటాయి. వాడు పోయిన ఆ జర్మన్ జైలు వాళ్ళు నాకు పంపింది ఒక అచ్చుకాగితం. అందులో వాడి పేరు కూడా తప్పు రాశారు. వాడి చేతిరాత ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు."

విల్ఫ్రెడ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోనీ, పదిహేను రోజులు..." అన్నాడు.

"నా పడవ మంగళవారం. మళ్ళీ ఇంత దూరం రాలేను నాయనా. నా గుండె మంచిది కాదు."

ఈ మాటల్లో ఉండగానే బండివాడు పక్క తలుపులోంచి లోపలికి దూరాడు. పట్నం వాడు, మా వాడే, మా భాషే. ఏం చేస్తాడు, ఎంతసేపని వానలో తడుస్తాడు? ఒక పెట్టె భుజానికెత్తుకుని బయటికొచ్చాడు. పైనే కనిపిస్తున్నాయి, గోధుమరంగు అట్టలు.

జూడిత్ చూసింది. మెడలోని రుమాలు లాగి పారేసింది. ఒట్టి తలతో, బురదలో, బండి ముందు రెండు మోకాళ్ళ మీదా కూలబడింది.

"యూనిస్ అక్కా! విల్ఫ్రెడ్ బాబాయ్! ఇద్దరూ చూడండి, ఇద్దరూ వినండి!" అని అరిచింది. చేతులు పైకెత్తింది. "హారో! హారో! హారో! నన్నాదుకో, నా ప్రభూ! నాకు అన్యాయం చేస్తున్నారు!"

ఆ కేక నేను పుట్టాక వినలేదు. మా అమ్మ చెప్పగా వినడమే, ఎవరో గోడ కడుతుంటే ఎవరో వేశారని. రాజుగారికి పెట్టుకునే మొర అది, వేస్తే ఎంతటివాడైనా చేతిలో పని అక్కడికక్కడ ఆపాలి. కోర్టు తీర్పు చెప్పేదాకా రాయి కదపకూడదు. వెయ్యేళ్ళ నాటి కట్టుబాటు, మా దీవుల్లో ఇంకా బతికే ఉంది. జర్మన్లున్న ఐదేళ్ళూ ఎందరికో గొంతుదాకా వచ్చి మింగుకున్న కేక. వాళ్ళ ముందు వేస్తే ఎవడు ఆగుతాడు?

జూడిత్ కట్టుబాటు ప్రకారం ఫ్రెంచిలో పరలోక ప్రార్థన చదవడం మొదలుపెట్టింది. బండివాడు భుజం మీది పెట్టెని నిప్పుల కుంపటిలా కింద దించేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని తలొంచుకున్నాడు.

"ఏమైంది? ఎందుకు ఆపావు?" అంది మిస్ పాస్క్ అతన్ని.

"హారో వేసిందమ్మా."

"అంటే?"

"అంటే నేను ముట్టుకోనమ్మా. మీరు నాకు రాజ్యం రాసిచ్చినా ముట్టుకోను."

ప్రార్థన అయ్యాక కూడా జూడిత్ లేవలేదు. థెల్మా గుమ్మంలో బిగుసుకుపోయి తల్లినే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో సిగ్గు చూస్తాననుకున్నాను. అది సిగ్గు కాదు. ఏమిటో నాకప్పుడు తెలియలేదు.

విల్ఫ్రెడ్ గొంతు సవరించుకుంటూ ముందుకొచ్చాడు. మా పేట పెద్దమనుషుల్లో అతనొకడు. పాత కట్టుబాట్లన్నీ తనకే తెలుసని అతని నమ్మకం. పాపం, నిజంగానే తెలుసు.

"లే తల్లీ, లే," అని జూడిత్ చెయ్యి పట్టుకుని లేపాడు. "వెయ్యడం బ్రహ్మాండంగా వేశావు. తప్పల్లా, చెల్లని దాని మీద వేశావు."

"ఏం తప్పు?"

"హారో నేల కోసం, ఇంటి కోసం. గోడ కోసం, గట్టు కోసం. పట్టుకుపోయే సామాను మీద చెల్లదే పిచ్చిపిల్లా. ఆవు మీదైనా చెల్లదు, పుస్తకం మీదైనా చెల్లదు. రేపు ఇదే వేళకి పట్నం వెళ్ళి కోర్టులో రాయించాలి. వాళ్ళు నవ్వి, ఊరికే రాజుగారి పేరెత్తినందుకు నీకే జరిమానా వేసి, ఆ పెట్టెలు ఆవిడకిచ్చి పంపుతారు."

చుట్టూ మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మాకు తెలిసిందల్లా కేక వేస్తే ఆగాలని.

"ఒక దారుంది," అన్నాడు విల్ఫ్రెడ్, గొంతు తగ్గించి. "కొట్టం నేలే కదా. మా కొట్టంలోకి చెప్పకుండా జొరబడ్డారు, అందుకే వేశామని రాయించవచ్చు. అప్పుడు నిలుస్తుంది. కోర్టు వింటుంది. వాయిదాల మీద వాయిదాలు, నెలలు పట్టినా పట్టచ్చు. అయితే ఆ మాట కొట్టం ఎవరిదో వాళ్ళు చెప్పాలి. బైబిలు మీద చెయ్యి పెట్టి."

అందరం వంటింటి గుమ్మం వైపు తిరిగాం.

కొట్టం, ఇల్లు, టమాటాలు పండించే గాజుపందిళ్ళు అన్నీ జూడిత్ అత్తగారు రేచల్ పేరు మీదే ఉన్నాయి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. బండి వచ్చినప్పట్నుంచీ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. నల్ల గౌను, నల్ల శాలువా. ఆమె కొట్టంలో చదువుకి ఏనాడూ రాలేదు. ఎందుకు రావని అడిగితే నాకు ఫ్రెంచి బైబిలు చాలు, కల్లబొల్లి కథలు వద్దు అనేది.

"రేచల్ వదినా," అన్నాడు విల్ఫ్రెడ్, "విన్నావుగా. నువ్వొక్క మాట..."

"నా కొట్టంలోకి ఆవిడ రావచ్చు," అంది రేచల్. "ఎప్పుడైనా రావచ్చు. నాకేం అభ్యంతరం లేదు. ఆ కాగితాలన్నీ పట్టుకుపోతే నా ఇంటికి పట్టిన శని వదులుతుంది."

అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

జూడిత్ బురద కాళ్ళతోనే పరిగెత్తి ఆ తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, అయినా వెళ్ళాను. అలాంటప్పుడు జూడిత్‌ని ఒంటరిగా వదిలేస్తే ఏం చేస్తుందో నాకు భయం.

రేచల్ బల్ల ముందు కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళేరుతోంది. రేపు కుండలో ఉడకబెట్టడానికి. పక్కన పళ్ళెంలో పంది కాలు ఉంది. ఏమీ జరగనట్టే వేళ్ళు కదులుతున్నాయి.

"నీకేం చేశాను అత్తా నేను?" అంది జూడిత్. "చెప్పు. ఇవాళ చెప్పు. నీ కొడుకు పోయాక నిన్నొదిలి పోయానా? నా నోటి ముద్ద నీకు పెట్టలేదా? ఆఖరి బంగాళదుంప ఎవరు తిన్నారు ఈ ఇంట్లో?"

"నేనే తిన్నాను."

"మరి నా కూతుర్ని నా దగ్గర ఉండనివ్వవేం? ఒక్క మాట అడిగాడు విల్ఫ్రెడ్ బాబాయ్. నా కొట్టం, నన్నడక్కుండా వచ్చారు. అబద్ధం కూడా కాదు! నీకింత కసి దేనికే నా మీద?"

"నీ మీద కాదు."

"మరి ఎవరి మీద? ఆ పసిదాని మీదా? నీ కొడుకు బిడ్డ అది!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను!"

రేచల్ గింజలు పక్కకి నెట్టింది. నా వైపు చూసింది. "యూనిసూ, తలుపు గడియ వెయ్యి," అంది. వేశాను. వేసి బయటికి పోవలసింది, పోలేదు.

"బైబిలు మీద చెయ్యి పెట్టమంటారు," అంది రేచల్. "పెట్టాక ఊరికే వదుల్తారా? ఈ సామాను మీ కొట్టంలోకి ఎలా వచ్చింది, ఆ ఇల్లు ఎందుకు ఖాళీ అయింది, అడుగుతారు. ఆ ముసలాయన్ని ఎందుకు పట్టుకుపోయారు అని అడుగుతారు."

"అడిగితే? మాస్టారు ఉంచుకోకూడని రేడియో దాచారని ఎవరో జర్మన్లకి చెప్పారు, పట్టుకుపోయారు. ఊరందరికీ తెలిసిందేగా."

"ఎవరో ఊరికి తెలీదు."

"తెలీకపోవడమేం? ఆ బ్లాంచ్ నాఫ్టెల్. జర్మన్ సిపాయితో తిరిగిన పిల్ల."

"ఆ పిల్ల కాదు."

జూడిత్ బల్ల అంచు పట్టుకుంది.

"పొద్దున్నే పాలకొచ్చేవాడు చూడు, ఆ పొట్టి జర్మన్ కార్పొరల్," అంది రేచల్. గింజల్నే చూస్తూ మాట్లాడుతోంది. "వాడికి చెప్పాను. వచ్చీరాని మాటలతో, చేతులతో. ఆ ఇంట్లో నీళ్ళతొట్టి వెనక రేడియో ఉంది, తీసుకుపొండి, ముసలాయన్ని ఏమనొద్దు అన్నాను. వాడు తలాడించాడు. చీటీ ఇస్తారనుకున్నానే. మనందరి రేడియోలూ పట్టుకుపోయినప్పుడు చీటీలిచ్చారుగా? ఆయనకీ ఓ చీటీ ఇచ్చి, పెట్టె పట్టుకుపోతారనుకున్నాను."

"ఎందుకు?" జూడిత్ గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"నా కొడుకు రోజూ సాయంత్రం ఎక్కడికెళ్ళేవాడు? ఆ ఇంటికే, ఆ వార్తలు వినడానికే. పట్టుబడితే ఇద్దర్నీ పట్టుకుపోతారు. వద్దురా అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వింటేనా? పెట్టె లేకపోతే వెళ్ళడు కదా అనుకున్నాను."

"ఆ రోజు నీకు గుండెల్లో నొప్పొచ్చింది," అంది జూడిత్ నెమ్మదిగా. "ఆయన్ని కదలనివ్వలేదు నువ్వు. రాత్రి దాకా చెయ్యి పట్టుకునే ఉన్నావు."

"నొప్పేం లేదు."

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. బ్లాంచ్ నాఫ్టెల్ నా దగ్గరికి గౌను కుట్టించుకుందామని వచ్చింది, జర్మన్లు పోయిన వారానికే. నీలం గుడ్డ. మాస్టార్ని చంపినదానికి నేను కుట్టనని ఆ పిల్ల మొహం మీద తలుపు వేసింది నేనే. అది చూసి సందులో మిగతా తలుపులూ పడ్డాయి. నెల తిరక్కుండా ఆ పిల్ల ఇంగ్లండు వెళ్ళిపోయింది. ఎక్కడుందో కూడా నాకు తెలియదు. ఈ పాపం రేచల్ ఒక్కదానిదే అనుకుని నేను తప్పించుకోలేను.

జూడిత్ ఏడుస్తుందనుకున్నాను, లేదా ఆ ముసలిదాని మీద పడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. అత్తగారి పక్కన కుర్చీలో కూర్చుంది. ఆమె చేతుల్నే చూసింది. తరవాత అన్న మాట నా చెవులతో వినకపోతే నమ్మేదాన్ని కాదు.

"అత్తా, చెప్పకు."

రేచల్ తలెత్తింది.

"కోర్టుకు రా. కొట్టం నాదని చెప్పు. మిగతాది అడిగితే నాకు తెలీదను. అంతే. రెండు మాటలు. నాకు - తెలీదు."

"చెయ్యి దాని మీద పెట్టి?"

"పెట్టి."

"నువ్వేనా ఈ మాటనేది? మాస్టారు పోయారని కబురొస్తే మూడ్రోజులు అన్నం ముట్టలేదు నువ్వు."

"మాస్టారు ఎలాగూ తిరిగి రారు అత్తా. మా ఆయనా తిరిగి రాడు. థెల్మా ఒక్కర్తే తిరిగొచ్చింది. నువ్వు చేసింది దానికి తెలిస్తే ఈ గుమ్మంలో ఒక్క పూట ఉంటుందా? చెప్పకు. నీకు దణ్ణం పెడతాను."

"నాకు డెబ్భై నాలుగు వచ్చాయి," అంది రేచల్. "ఇంకెన్నాళ్ళుంటాను? మూడేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉంది. ఆవిడ ఆ బండి దిగుతుంటే, ఆ మొహం చూస్తుంటే, ఆయనే గొడుగేసుకుని వచ్చాడనిపించింది. పుస్తకాలు పట్టుకుని వెంటనే పోతే బావుండు అనుకున్నాను. అడగదు, నేను చెప్పక్కర్లేదు. నువ్వేమో హారో వేసి కూర్చోబెట్టావు."

జూడిత్ నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వేం వినలేదు."

రేపు కోర్టులో నన్ను కూడా సాక్షిగా పిలుస్తారని అప్పుడు తట్టింది. ఇద్దరూ చూడండి, ఇద్దరూ వినండి అని తనే కదా పిలిచింది.

తలుపు ఎవరో తట్టారు. "అమ్మా! తలుపు తియ్యి!"

థెల్మా గొంతు. జూడిత్ చటుక్కున లేచి, మొహం తుడుచుకుని గడియ తీసింది. థెల్మా జుట్టంతా తడిసిపోయి ఉంది. తల్లి మోకాళ్ళ వైపు చూసింది. మేజోళ్ళు చిరిగి, బురదలో కలిసి నెత్తురు కారుతోంది. నేనూ అప్పుడే చూశాను. ఆ పిల్ల వంగి, తన చేతిగుడ్డతో ఒక మోకాలు తుడిచింది. తుడుస్తూనే మాట్లాడింది.

"నేను మంగళవారం వెళ్ళటం లేదు."

"ఏమిటి?"

"పడవలో నా చోటు వద్దని విల్ఫ్రెడ్ తాతతో చెప్పాను. రేపు పట్నం వెళ్తారుగా, ఆయనే చెప్పేస్తారు. మిసెస్ బూత్‌కి నేను రాస్తాను." గుడ్డ రెండో మోకాలికి మార్చింది. "పుస్తకాల కోసం కాదమ్మా. అవి పోనీ. నన్ను ఆ రోజు పడవ ఎక్కించినప్పుడు నువ్వు ఏడవలేదు. చెయ్యి ఊపావంతే. నన్నొదిలించుకున్నావనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇవాళ అందరిముందూ నా కోసం బురదలో..."

జూడిత్ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆరేళ్ళ తరవాత అదే మొదటిసారి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఎందుకొచ్చాయో మాత్రం నేను విడదీసి చెప్పలేను. రేచల్ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇంకోటి," అంది థెల్మా, ముక్కు చీదుకుని నవ్వుతూ. "కోపం తెచ్చుకోవద్దు. పాపం, మిస్ పాస్క్‌కి పట్నంలో గది ఒక్కరాత్రికే ఇచ్చారట. కోర్టు తేలేదాకా మనింట్లో ఉండమన్నాను. రోజూ మధ్యాహ్నం మిగిలిన కథ అందరం కలిసి చదువుకోవచ్చు, ఆవిడ కూడా వింటుంది. నానమ్మ గదిలో రెండో మంచం ఖాళీయే కదా?"

ఎవరూ జవాబు చెప్పేలోపే మిస్ పాస్క్ గుమ్మంలో ఉంది. గొడుగు మూసి బయట ఆనించింది. బూట్లు శ్రద్ధగా తుడుచుకుని లోపలికొచ్చింది. చినుకులకి తడిసిన ఆ మొహం అలసిపోయి ఉంది, కాని కోపం లేదు.

"మీ అమ్మాయి మంచిదమ్మా," అంది జూడిత్‌తో. తరవాత రేచల్ వైపు తిరిగింది. "మీరు పక్కింటివారట కదా, ఆఖరిదాకా. ఒక్క సంగతి నాకెవరూ చెప్పలేదు. వాణ్ణి పట్టుకుపోయిన రోజు... వాడి దగ్గర ఎవరైనా ఉన్నారా? వాడు ఏమైనా అన్నాడా?"

జూడిత్ కూతురి చెయ్యి పట్టుకుని అత్తగారినే చూస్తోంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే థెల్మా "అమ్మా, నొప్పి," అంది.

రేచల్ గింజల పళ్ళెం పక్కకి జరిపి, తన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది.

"కూర్చో తల్లీ," అంది. "నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."